పక్కింటి పాప చెయ్యి కాలింది, నేను కలగజేసుకోవచ్చా?

ఈ వారం ఉత్తరం నైజీరియా నుంచి వచ్చింది. లేగోస్‌లో ఇలుపేజు వైపు నాలుగేళ్లుగా ఉంటున్న తెలుగావిడ రాశారు. పేరు వేయొద్దన్నారు. భర్త ఒక ఫ్యాక్టరీలో మేనేజరు, ఈవిడ ఓ ఆఫీసులో లెక్కలు చూస్తారు, ఆరేళ్ల బాబు ఉన్నాడు. ఉత్తరంలో సగం వంటల గురించే. ఆ సగం చదువుతుంటే నాకూ నోరూరిన మాట నిజం.

పక్క ఫ్లాట్‌లో ఒక యోరుబా ఆవిడ ఉంటారు (యోరుబా అంటే నైరుతి నైజీరియాలోని ఒక పెద్ద తెగ). మొదటి బిడ్డ పేరు మీద 'మమ్మీ ఫలానా' అని పిలవడం అక్కడి అలవాటట, ఈవిడ మాత్రం ఆంటీ అంటారు. వీళ్లు ఇంట్లో దిగిన తొలి వారమే ఆంటీ ఓ గిన్నెడు అకారా పంపించారు. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూనెలో వేసినవి. "అచ్చం మా అమ్మమ్మ చేసే బొబ్బర్ల వడలే, అల్లం జీలకర్ర లేవంతే" అని రాశారు. అక్కణ్ణుంచి స్నేహం కుదిరింది. అదే పిండిని ఆకుల్లో పొట్లం కట్టి ఆవిరి మీద ఉడికించే మొయిన్‌మొయిన్, పుచ్చగింజల్లాంటి గింజలు దంచి చేసే ఎగూసి, జొలోఫ్ అన్నం, అన్నీ ఆంటీ దగ్గరే నేర్చుకున్నారు. బాబు బడి నుంచి రాగానే నేరుగా ఆంటీ వాళ్లింటికే వెళ్తాడు. అక్కడే తింటాడు, అమ్మానాన్నా వచ్చేదాకా అక్కడే ఆడుకుంటాడు.

ఆంటీ వాళ్లింట్లో ఒక పాప ఉంది. పదకొండో పన్నెండో ఏళ్లుంటాయి. ఓషున్ రాష్ట్రంలో ఏదో పల్లె. "మా పిన్ని మనవరాలు, చదివిస్తానని తెచ్చుకున్నా" అంటారు ఆంటీ. పొద్దున దగ్గర్లోని సర్కారు బడికి వెళ్తుంది. మధ్యాహ్నం వచ్చాక అంట్లు, బట్టలు, ఆంటీ చంటిపిల్ల, సాయంత్రం వంట. ఆంటీకి గేటు దగ్గర చిన్న ప్రొవిజన్ షాపు ఉంది, ఎక్కువసేపు అక్కడే ఉంటారు.

నెల కిందట ఆఫీసువాళ్లను భోజనానికి పిలిచి, ఓఫాడా అన్నంలోకి అయామాసే చేసిపెట్టమని ఈవిడ ఆంటీని అడిగారు. అది పచ్చి క్యాప్సికం, ఘాటు మిరపకాయలు, ఇరూ అనే పులియబెట్టిన గింజల ముద్ద, మాంసం, ఉడికించిన గుడ్లు వేసి చేసే కూర. దానికి ఎర్ర పామాయిల్‌ని ముందుగా పొగలొచ్చేదాకా కాచి రంగు పోగొట్టాలి. ఆంటీ నూనె పొయ్యి మీద పెట్టి మూతేశారు. ఇంతలో షాపు దగ్గర ఎవరో పిలిచారు. ఆవిడ వచ్చేలోపు పని కాస్త ముందుకు జరుపుదామనుకుందో ఏమో, పాప మూత తీసి, నీళ్లోడుతున్న మిరపకాయ ముద్ద నూనెలో వేసేసింది. ఎగిరిన నూనె మణికట్టు మీద, ముంజేతి మీద పడింది. బాబు అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆంటీ పరుగున వచ్చి కోడిగుడ్డు పగలగొట్టి చేతికి రాశారు. మర్నాడు పాప చేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ అదే పొయ్యి దగ్గర కనబడింది.

ఈవిడ ఆయింట్‌మెంట్ తీసుకెళ్లి ఇస్తే ఆ పిల్ల మెల్లగా, "ఎవరితోనూ ఏమీ అనకండి, నన్ను ఊరికి పంపించేస్తారు" అందట.

భర్త "పరాయి దేశం, పర్మిట్ మీద బతుకుతున్నాం, మనకెందుకు" అన్నారు. కాకినాడ నుంచి అత్తగారు "ముందు మన పిల్లాణ్ణి ఆ ఇంటికి పంపడం మానెయ్యి" అన్నారు. ఈవిడకి నిద్ర పట్టడం లేదు. ఆ వంట అడిగింది నేనే కదా, ఈ పాపం నాదేనా? ఆంటీతో ఏమని మాట్లాడను? ఎక్కడైనా ఫిర్యాదు చెయ్యాలా? ఆ రోజు నుంచి మా బాబు మా వంటింట్లోకి కూడా రావడం లేదు, వాడికేం చెప్పను? ఇవీ ప్రశ్నలు.

అమ్మా, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ చెయ్యి సంగతి చూడండి. నెలైంది కాబట్టి పుండు మానిపోయి ఉండొచ్చు. కానీ మణికట్టు మీద కాలిన చోట మచ్చ బిగుసుకుపోతే చెయ్యి పూర్తిగా వంగదు, చాపలేరు. ఎదిగే పిల్లలకి ఇది ఇంకా ఇబ్బంది. పాపని చెయ్యి పైకీ కిందకీ వంచమనండి, పిడికిలి బిగించమనండి. పట్టేసినట్టుంటే, చర్మం గట్టిగా ఉబ్బెత్తుగా ఉంటే, దురదతో గోక్కుంటుంటే డాక్టరుకి చూపించాలి. మీకు దగ్గర్లోనే గ్బగాడా జనరల్ హాస్పిటల్‌లో కాలిన గాయాలకి ప్రత్యేక విభాగం ఉంది. ధనుర్వాతం ఇంజెక్షన్ పడిందో లేదో కూడా అడగండి. "నా కోసం వంట చేస్తుంటే కాలింది, హాస్పిటల్ ఖర్చు నాది, మీరూ రండి, ముగ్గురం వెళ్దాం" అంటే ఆంటీకి కాదనడానికి కారణం ఉండదు. పాపని ఒంటరిగా మీరు తీసుకెళ్లొద్దు. ఆంటీకి తెలియకుండా అసలే వద్దు. రేపు మాట వస్తే పడేది ఆ పిల్లే.

గుడ్డు రాశారని ఆంటీని తిట్టుకోకండి. మన ఇళ్లల్లో టూత్‌పేస్టు, సిరా, కొబ్బరినూనె రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పచ్చిగుడ్డుతో పుండులోకి క్రిములు చేరతాయి. టూత్‌పేస్టు, నూనె లోపలి వేడిని బయటికి పోనివ్వవు. కాలగానే చెయ్యాల్సింది ఒక్కటే: మామూలు చల్లటి నీళ్లు, ధారగా, 20 నిమిషాలు. ఐసు వద్దు. లేగోస్‌లో కరెంటు లేక పంపు ఆడకపోతే కుళాయి రాదు కాబట్టి వంటింట్లో ఒక బకెట్ నీళ్లు, ఒక మగ్గు ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి. ఈ మాట ఆంటీ ఇంటికీ చెప్పండి, మీ ఇంట్లోనూ చెయ్యండి.

ఇక మీ అపరాధ భావం. మీరు ఒక కూర అడిగారు. ఆంటీ ఆ కూర పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఎన్నిసార్లు చేసి ఉంటారో. ప్రమాదం కూరలో లేదు. పామాయిల్ పొగలొచ్చేటప్పుడు దాని వేడి రెండొందల డిగ్రీలు దాటి ఉంటుంది. నీళ్లు వందకే ఆవిరవుతాయి. నీళ్లోడే ముద్ద అందులో పడగానే ఆ నీరంతా ఒక్క క్షణంలో ఆవిరై నూనెని పైకి చిమ్ముతుంది. అందుకే తెలిసినవాళ్లు మూతపెట్టి సన్నమంట మీద కాచి, స్టవ్ ఆర్పి, మూత తియ్యకుండా నూనె చల్లారేదాకా ఆగుతారు. మిరపకాయ ముద్దని విడిగా ఉడికించి నీరంతా ఇగిరిపోయాకే నూనెలో వేస్తారు. పొరపాటున నూనె అంటుకుంటే మూత పెట్టేస్తారు, నీళ్లు మాత్రం పొయ్యరు. ఇవన్నీ ఆంటీకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. తెలియంది ఆ పిల్లకి. తెలిసిన పెద్ద మనిషి లేచి వెళ్లింది, తెలియని చిన్నపిల్ల మిగిలింది. జరిగింది ఇదీ.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా అనిపించే మాట. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎక్కడో మధ్యలో, వేరే విషయం చెబుతూ బ్రాకెట్లో రాశారు: "మేం వచ్చేదాకా మా బాబుని ఆ పాపే చూసుకుంటుంది, చాలా నమ్మకమైన పిల్ల." అంటే ఆంటీ షాపులో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. ఒక చంటిపిల్ల, మీ ఆరేళ్ల బాబు, వెలిగే పొయ్యి, వీటన్నిటికీ కాపలా పదకొండేళ్ల పిల్ల. ఆ రోజు ఆ పాప చూపు నూనె మీద ఎంత ఉందో, మీ బాబు ఎక్కడ నిలబడ్డాడో అన్నదాని మీద కూడా అంతే ఉండి ఉంటుంది. మీరు అడిగారు, "నేను కలగజేసుకోవచ్చా" అని. మీరు ఇప్పటికే అందులో ఉన్నారు. ఆ పిల్ల చేసే పనిలో రోజూ ఓ రెండు మూడు గంటలు మీ ఇంటి పనే. మీరు జీతం ఇవ్వకపోవడం వల్ల అది పనిలా కనబడలేదు, ఆంటీ ప్రేమలా కనబడింది.

ఇది నిష్ఠూరంగా అనడం లేదు. దీనివల్ల మీకో మేలు కూడా ఉంది. పరాయి ఇంటి వ్యవహారంలో తలదూర్చే విదేశీయురాలిగా మీరు మాట్లాడక్కర్లేదు. మీ కొడుకు క్షేమం గురించి అడిగే తల్లిగా మాట్లాడొచ్చు. ఆ హక్కుని లేగోస్‌లోనైనా ఇంకెక్కడైనా ఎవరూ కాదనరు.

మాట్లాడే ముందు ఆ పాప ఆ ఇంట్లో ఎవరన్నది కాస్త ఆలోచించాలి. పల్లెలో ఉన్న బంధువుల పిల్లల్ని పట్నంలో ఉన్నవాళ్లు తెచ్చి పెంచడం నైజీరియాలో తరతరాలుగా ఉన్నదే. మనకీ కొత్త కాదు. మేనత్త ఇంట్లోనో పెదనాన్న ఇంట్లోనో ఉండి, నీళ్లు తోడి, పిల్లల్ని ఎత్తుకుని, ఆ ఇంటి అన్నం తిని చదువుకుని పైకొచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది లేరు! వాళ్లలో ఆ అత్తని దేవతగా తలుచుకునేవాళ్లున్నారు, ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బయటినుంచి చూస్తే రెండిళ్లూ ఒకేలా కనబడతాయి. అదే పద్ధతి చాటున, చుట్టరికం పేరు చెప్పి జీతం లేని పనిపిల్లల్ని తెచ్చుకునేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

తేడా చిన్న చిన్న విషయాల్లో తెలుస్తుంది. పాప రోజూ బడికి వెళ్తోందా, షాపులో రద్దీ ఉన్న రోజు మానిపిస్తున్నారా? హోంవర్కు ఎప్పుడు చేస్తుంది? ఆంటీ పిల్లలు తినేదే, వాళ్లతోపాటే తింటుందా? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుందా, మాట్లాడేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటారా? పండక్కి ఊరికి వెళ్లిందా? ఏదైనా పగలగొడితే ఏమవుతుంది? నాలుగేళ్ల స్నేహంలో వీటిలో సగానికి జవాబు మీకు తెలిసే ఉంటుంది. మిగతా సగం మాటల్లో తెలుసుకోవచ్చు. పోలీసు విచారణలా వరసగా అడక్కండి. అకారాకి బొబ్బర్ల పొట్టు తీస్తూ కూర్చున్నప్పుడు ఒక్కొక్కటే వస్తాయి. ఆ పని ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండటం మంచిది. నైజీరియా 2003లో బాలల హక్కుల చట్టం చేసింది. లేగోస్ రాష్ట్రం 2007లో తన సొంత చట్టం తెచ్చుకుంది. 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. సొంత కుటుంబంలో తేలికపాటి ఇంటిపని చేయించుకోవచ్చు గానీ, కుటుంబానికి బయట పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోకూడదు. మనుషుల అక్రమ రవాణా మీద 2015లో వచ్చిన చట్టం 12 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం జైలుశిక్ష పడే నేరమంటుంది. ఆంటీ నిజంగా పిన్ని మనవరాలినే తెచ్చుకున్నారనుకోండి, చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఆ పిల్లకి కుటుంబమే కావచ్చు. కానీ మరుగుతున్న నూనె దగ్గర ఒంటరిగా నిలబెట్టడాన్ని తేలికపాటి పని అని ఎవరూ అనలేరు. మన దగ్గర 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. అది మన అపార్ట్‌మెంట్లలో ఎంత బాగా అమలవుతోందో తెలుసు కాబట్టి, నైజీరియావాళ్లకి పాఠం చెప్పే ఎత్తు మీద మనం లేం. ఆంటీతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే మీ గొంతు దానంతటదే సరిగ్గా వస్తుంది.

మీ ముందు దారులు చాలానే ఉన్నాయి. అత్తగారు చెప్పింది ఒకటి: బాబుని పంపడం మానేసి నోరు మూసుకోవడం. బాబు క్షేమంగా ఉంటాడు. ఆంటీకి అర్థమవుతుంది, ముఖం మాడుతుంది. కోపం ఎక్కడ తీరుతుందో ఊహించండి. "నీవల్లే వాళ్లు రావడం మానేశారు" అనే మాట ఆ పిల్ల పడుతుంది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూసే బయటి కళ్లు మీవే కావచ్చు, అవీ పోతాయి. అందుకని బాబు ఏర్పాటు మార్చండి గానీ రాకపోకలు మానకండి. బడి నుంచి వచ్చాక చూసుకోవడానికి పెద్దావిడని ఎవరినైనా జీతమిచ్చి మీ ఇంట్లో పెట్టుకోండి. స్తోమత ఉంటే, ఆంటీ చంటిపిల్లని కూడా ఆవిడే చూసేలా మాట్లాడండి. మీ ఖర్చుతో ఆ పాపకి రోజూ రెండు గంటలు చదువుకోవడానికి దొరుకుతాయి. మీరు ఇవ్వగలిగినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇక్కడ ఉపన్యాసం అక్కర్లేదు, ఎవరి పరువూ పోదు.

రెండో దారి ఆంటీతో నేరుగా మాట్లాడటం. ఇది చెయ్యాల్సిందేనని నా అభిప్రాయం. ఎలా అన్నదే ప్రశ్న. షాపులో వద్దు, పాప ముందు వద్దు, ఫోన్‌లో వద్దు. ఆదివారం చర్చి నుంచో ఇంకెక్కణ్ణుంచో వచ్చి తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లండి. యోరుబావాళ్లకి పలకరింపులు తీరికగా, మర్యాదగా జరగాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదినీ అడిగాకే విషయంలోకి వెళ్లండి. "ఆ రోజు నా కోసం వండుతుంటే ఇది జరిగింది, నా మనసు బాలేదు. మా వాడు కూడా అక్కడే ఉన్నాడు. ఇకనుంచి నూనె పొయ్యి మీద ఉన్నప్పుడు పిల్లలెవరూ ఆ చుట్టుపక్కల లేకుండా మనిద్దరం చూద్దాం. దానికి నేనేం చెయ్యాలో చెప్పండి." ఇంతకన్నా ఎక్కువ మొదటిరోజు అనొద్దు. "మీరు పాపని కష్టపెడుతున్నారు" అన్నారంటే ఆవిడ అక్కణ్ణుంచి తన పరువు కాపాడుకోవడం మొదలుపెడుతుంది, పాప సంగతి వెనక్కిపోతుంది. యోరుబాలో ఒక సామెత ఉంది: పిల్లని కనేవి నాలుగు కళ్లు, కాచేవి రెండొందల కళ్లు. మీరు దాన్ని ఆవిడకి అప్పజెప్పకండి. నేర్చుకున్న సామెత నేర్పినవాళ్ల మీదే విసిరితే ఎవరికైనా చిర్రెత్తుతుంది. ఆవిడకి ఆ సామెత తెలుసన్న ధైర్యంతో వెళ్లండి, చాలు.

సిలిండర్ మీదే బర్నర్ బిగించిన చిన్న స్టవ్ నేలమీద పెట్టి వండుతున్నారని రాశారు. ఆ ఎత్తుకి చంటిపిల్ల చెయ్యి కూడా అందుతుంది. గట్టి బల్లా, గొట్టంతో విడిగా ఉండే స్టవ్ బహుమతిగా ఇవ్వొచ్చు. సిలిండర్ గాలి తగిలే చోట విడిగా ఉంటుంది. నాలుగేళ్లు మీ ఇంటికి గిన్నెలు పంపిన మనిషికి ఇది ఏ పండక్కి ఇచ్చినా ఎబ్బెట్టుగా ఉండదు. ఇంకో నియమం కూడా ఇద్దరిళ్లకీ కలిపి పెట్టుకోండి: షాపు దగ్గర ఎవరు పిలిచినా, ముందు స్టవ్ ఆర్పి తర్వాత వెళ్లడం. కూర కాసేపు ఆగితే ఏమీ కాదు.

ఆంటీ ఒప్పుకోకపోతే? "మేమూ ఇలాగే పెరిగాం, ఏమైంది మాకు" అంటారు బహుశా. ఎక్కడైనా పెద్దవాళ్లు అనేదే. వాదించకండి. కొన్నాళ్లు చూడండి. పొయ్యి దగ్గర పరిస్థితి మారకపోతే పాప టీచరుతో మాట్లాడొచ్చు. పిల్లల రక్షణ గురించి లేగోస్‌లో బడులకి 2016 నుంచి ఒక విధానం ఉంది. పిల్లలకి హాని జరుగుతోందని అనుమానమొస్తే వాళ్లు పట్టించుకోవాలి. చేతికి కట్టుతో బడికి వెళ్లిన పిల్లని టీచరు ఇప్పటికే గమనించి ఉండొచ్చు కూడా. టీచరు అడిగితే ఆంటీ వినే తీరు వేరు, పక్కింటావిడ అడిగితే వినే తీరు వేరు. అయితే టీచరు చెవిలో పడ్డాక విషయం మీ చేతుల్లో ఉండదు. దానికి సిద్ధపడే వెళ్లండి.

ఫిర్యాదు గురించి అడిగారు. లేగోస్ రాష్ట్రంలో గృహహింస, లైంగిక హింస, పిల్లల మీద జరిగే హింస కేసులు చూసే ప్రభుత్వ ఏజెన్సీ ఉంది. దేశం మొత్తానికీ మనుషుల అక్రమ రవాణాని అరికట్టే నాప్‌టిప్ అనే సంస్థ ఉంది. ఈ రెండిటి ఫోన్ నంబర్లూ ఇప్పుడే రాసిపెట్టుకోండి. కానీ ఈ రోజుకి మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే వాళ్లకి ఫోన్ చెయ్యను. అధికారులు వస్తే పాపని కొన్నాళ్లు వసతి గృహంలో ఉంచొచ్చు, ఊళ్లో వాళ్లమ్మని వెతికి అప్పజెప్పొచ్చు. అక్కడ బడి ఉందో, తిండి ఉందో, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి పంపిస్తారో మనకి తెలియదు. ఒక్క ప్రమాదానికి అంత దూరం వెళ్తే ఆ పిల్ల భయపడ్డదే నిజమవుతుంది.

ఈ మాటకి గట్టి మినహాయింపు ఉంది. కొట్టిన గుర్తులు కనబడినా, తిండి పెట్టకపోయినా, గదిలో పెట్టి తాళం వేసినా, బడి మాన్పించినా, తల్లితో మాట్లాడనివ్వకపోయినా, ఆ ఇంటికి వచ్చేపోయే మగవాళ్లెవరినైనా చూసి పాప ముడుచుకుపోతున్నా, నేను పైన చెప్పిన నెమ్మదితనం అంతా పక్కన పడేయండి. ఆంటీకి ముందుగా చెప్పకుండా ఆ నంబర్లకి ఫోన్ చెయ్యండి. ముందే తెలిస్తే పాపని రాత్రికి రాత్రి ఇంకెక్కడికైనా పంపేస్తారు. స్నేహం పోతుంది. పోనివ్వండి.

ఎవరికీ చెప్పొద్దని పాప అడిగింది. మీరు సరేనన్నారో లేదో రాయలేదు. అని ఉంటే మళ్లీ ఒకసారి ఆ పిల్ల దగ్గర కూర్చోండి. "నీ చెయ్యి బాగవడానికి కొంతమందితో మాట్లాడాల్సి వస్తుంది. ఎవరితో మాట్లాడబోతున్నానో ముందు నీకు చెబుతాను. నువ్వు చెప్పావని ఎవరితోనూ అనను" అనండి. ఇది మీరు నిలబెట్టుకోగల మాట. "నిన్నెవరూ ఎక్కడికీ పంపరు" అని మాత్రం అనకండి, అది మీ చేతిలో లేదు. అసలు తనకేం కావాలో అడగండి. ఊరికి వెళ్లడమంటే ఎందుకు భయం? అక్కడ ఇంకేదైనా కష్టం ఉందా, లేక ఇక్కడి బడి వదులుకోవడం ఇష్టం లేదా? ఈ జవాబు వింటే పైన చెప్పిన దారుల్లో ఏది పనికొస్తుందో సగం తేలిపోతుంది. దీని గురించి ఇంతమంది పెద్దవాళ్లం ఇన్ని మాటలనుకుంటున్నాం గానీ, ఆ పిల్లని ఇంతవరకూ అడిగినవాళ్లు లేరు.

మీవారికి ఒక మాట. పక్కింటావిడతో కూర్చుని స్టవ్ గురించి మాట్లాడితే, హాస్పిటల్ బిల్లు కడితే రెసిడెన్స్ పర్మిట్‌కి ఏమీ కాదు. ఫిర్యాదు దాకా వెళ్తే ఇబ్బందులుంటాయని ఆయన భయపడటంలో అర్థముంది. అలాంటి పరిస్థితే వస్తే మీ కంపెనీలో పనిచేసే స్థానికుల్లో పెద్దవాళ్లని ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. అత్తగారి భయం మనవడి గురించి. వాడు ఇకనుంచి పెద్దావిడ దగ్గర ఉంటాడని చెబితే ఆవిడకి అది చాలు.

చివరికి మీ బాబు. వాడు వంటింట్లోకి రావడం లేదంటే ఆ రోజు చూసింది వాడి మనసులో ఇంకా తిరుగుతోందన్నమాట. "ఏం కాదులే, అక్కకి తగ్గిపోయింది" అని దాటెయ్యకండి. ఆ రోజు ఏం చూశాడో వాణ్ణి చెప్పనివ్వండి, మధ్యలో దిద్దకండి. తనవల్లే జరిగిందని అనుకుంటున్నాడేమో మెల్లగా అడగండి. ఆ సమయంలో అక్కని ఏదో అడిగాననో, పిలిచాననో అనుకుంటూ ఉండొచ్చు, ఈ వయసు పిల్లలు అలా అనుకుంటారు. అది వాడి తప్పు కాదని, ఆ పాప తప్పు కూడా కాదని, మరుగుతున్న నూనె దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందని స్పష్టంగా చెప్పండి. తర్వాత వాడు చెయ్యగలిగేవి నేర్పండి: నూనె ఉన్న పొయ్యికి దూరంగా ఉండటం, ఎవరికైనా కాలితే పెద్దవాళ్లని అరిచి పిలవడం, బకెట్ ఎక్కడుందో చూపించడం. రెండు మూడుసార్లు ఆటలా చేయించండి. బలవంతంగా వంటింట్లోకి లాక్కురావద్దు. పొయ్యి వెలగనప్పుడు బల్ల దగ్గర కూర్చోబెట్టి నానిన బొబ్బర్లు ఇచ్చి పొట్టు తియ్యమనండి. పక్కింటి పాపకి తీరిక దొరికితే, తనకి ఇష్టమైతే, తననీ పిలవండి. పాప బడి సంగతీ, వాళ్లమ్మ సంగతీ తెలిశాక నాకు మళ్లీ రాయండి.